పళ్ళచక్రాలు పెళ్ళి స్టేజీ ఎక్కేశాయి. ఈ గోడ పని ఒప్పుకోనా, మాననా?

గవర్నర్‌పేట గడియారం అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోవడమే గానీ రాసేవాణ్ణి కాదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నా. ఒక కేఫ్ గోడ పని వచ్చింది, ఒప్పుకోవాలో వద్దో తేలడం లేదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా నాన్నకి గవర్నర్‌పేటలో వాచీల రిపేరు ఉండేది. కొట్టు అనడానికి లేదు. ఒక మందుల షాపు మెట్ల పక్కన అద్దాల పెట్టె, వెనక స్టూలు, మెడ వంచిన టేబుల్ లైటు, ఆయన కంటికి ఐగ్లాసు. అంతే. 2011లో ఆయన పోయాక ఇంట్లో ఏడు హార్లిక్స్ సీసాలు బయటపడ్డాయి. నిండా చచ్చిపోయిన వాచీల పేగులు. బ్యాలెన్స్ చక్రాలు, విరిగిన మెయిన్ స్ప్రింగులు, పన్ను ఊడిన చక్రాలు. "ఇత్తడి తుక్కులో వేసెయ్యరా, ఇల్లంతా ఇరుకు" అంది అమ్మ. నాకు చేతులు రాలేదు.

నేనొక కాలేజీలో మెకానికల్ ల్యాబ్ అసిస్టెంటుని. ఆ ల్యాబ్ కంప్యూటర్లోనే ఒక మధ్యాహ్నం పూట స్టీమ్‌పంక్ అన్న మాట మొదటిసారి కంటపడింది. చిప్పులూ ప్లాస్టిక్కూ రాకుండా, లోకం ఆవిరి యంత్రాల దారినే పట్టుకుని ఇంతదూరం వచ్చి ఉంటే ఎలా ఉండేది అన్న ఊహ అది. అన్నీ ఇత్తడి, రాగి, తోలు, గాజు, రివెట్లు. కె. డబ్ల్యూ. జీటర్ అనే అమెరికా రచయిత 1987లో లోకస్ అనే పత్రికకి రాసిన ఉత్తరంలో, తనూ ఇద్దరు స్నేహితులూ రాస్తున్న పాతకాలపు యంత్రాల కథలకి సగం వేళాకోళంగా పెట్టిన పేరు. అప్పట్లో సైబర్‌పంక్ అని కంప్యూటర్ల భవిష్యత్తు కథలు మంచి ఊపు మీద ఉండేవి, వాటికి ఎకసెక్కంగా అన్నమాట. ఆ ఎకసెక్కమే పేరై నిలిచిపోయింది.

నాకు మాత్రం అది పుస్తకాల గొడవగా అనిపించలేదు. ఏడు హార్లిక్స్ సీసాలకి దారి దొరికిందనిపించింది.

మొదటి దీపం చెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది. అడుగున మా అమ్మమ్మ పంపు స్టవ్ ఇత్తడి ట్యాంకు, పైన పెట్రోమాక్స్ గ్లాసు, పక్కన కుట్టుమిషను చేతిచక్రం. ఆ చక్రం తిప్పితే రెగ్యులేటర్ తిరిగి వెలుతురు పెరుగుతుంది. మా ఆవిడ చూసి "బాగానే ఉంది, పాలు కాగుతాయా దీని మీద?" అంది.

తర్వాత మెల్లగా మనుషులు కలిశారు. బెజవాడ, గుంటూరు, తెనాలి కలిపి తొమ్మిది మందిమి. ఒకాయన ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తాడు, ఒకమ్మాయి తోలు కుడుతుంది, ఒక కుర్రాడికి రాగి గొట్టాలు వంచడం వచ్చు. నెలకో ఆదివారం ఎవరో ఒకరి డాబా మీద చేరేవాళ్ళం. ఆటోనగర్‌లో తుక్కు ఏరుకోవడం, పునుగులు తినడం, ఒకడు చేసిన దాంట్లో ఇంకొకడు తప్పులు పట్టడం. మాకు రాసుకున్న నియమం ఏదీ లేదు గానీ ఒక మాట అనుకునేవాళ్ళం: చక్రం పెడితే అది ఇంకో చక్రాన్ని తిప్పాలి. ఊరికే కూర్చోకూడదు.

ఇక అసలు బాధ. రెండేళ్ళ క్రితం మా బావమరిది వాళ్ళ తాలూకు సంగీత్‌కి వెళ్ళాం. రింగ్ రోడ్డు వైపు ఏసీ ఫంక్షన్ హాలు. స్టేజీ చూసి కాళ్ళు ఆగిపోయాయి. ఇరవై అడుగుల ఎత్తున బంగారు రంగు పళ్ళచక్రాలు. దగ్గరికెళ్ళి గోరుతో గీకితే తెల్లగా థర్మోకోల్. పెళ్ళికొడుకు పొగమంచు మిషన్ లోంచి నుదుటిమీద గాగుల్స్ పెట్టుకుని దిగాడు. పక్కన కూర్చున్న పెద్దాయన నా చెవిలో "పెళ్ళికూతురి వాళ్ళది వాచీల కంపెనీయా?" అని అడిగాడు. ఏం చెప్పను?

ఆ తర్వాత ఎటు చూసినా అదే. కేఫుల్లో అదే, బార్బర్ షాపులో అదే, జిమ్ములో అదే. పోయిన వినాయక చవితికి మా వీధి చివర పందిట్లో స్వామి వారు పళ్ళచక్రాల సింహాసనం మీద కూర్చున్నారు. ఎలకకి కూడా గాగుల్స్ పెట్టారండీ. దండం పెట్టుకుంటుంటే నవ్వాగలేదు, మా ఆవిడ గిల్లింది.

విదేశాల్లో ఈ ముచ్చట ఎప్పుడో అయిపోయిందని నాకు తెలుసు. 2009లోనే ఆక్స్‌ఫర్డ్‌లో సైన్సు చరిత్ర మ్యూజియం వాళ్ళు స్టీమ్‌పంక్ ప్రదర్శన పెట్టారు. 2011లో జస్టిన్ బీబర్ ఒక క్రిస్మస్ పాట వీడియోకి ఇదే వేషం కడితే పాతకాపులు గగ్గోలు పెట్టారు. 2013 జనవరిలో ఐబీఎం వాళ్ళు జనం ఆన్‌లైన్‌లో రాసుకునేదంతా జల్లెడపట్టి, రాబోయే రెండేళ్ళలో దుకాణాల నిండా ఇదే ఉంటుందని జోస్యం చెప్పారు. అవి చదివినప్పుడు ఎవరింట్లోదో గొడవలా నవ్వుకున్నాను. మన వీధిలోకి వచ్చేసరికి నవ్వు రావట్లేదు.

పోయిన వారం పటమటలో కొత్తగా కేఫ్ పెడుతున్న ఒకాయన ఫోన్ చేశాడు. 32 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ. మొత్తం స్టీమ్‌పంక్. 1,80,000 ఇస్తానన్నాడు. ఆ డబ్బంటే నాకు మాటలు కాదు, మా పాపది ఇంటర్ ఫీజు. డ్రాయింగ్ పంపాడు. తెరిచి చూద్దును కదా, ఒక పక్క ఇంగ్లీషు దొరల పొడుగు టోపీ, మధ్యలో పెద్దవి మూడు చక్రాలు, మూడూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ల్యాబ్‌లో ఫస్టియర్ పిల్లలకి చెప్పే ముక్క ఇది. మొదటిది కుడికి తిరిగితే రెండోది ఎడమకి తిరగాలి, మూడోది కుడికి. కానీ మూడోది మొదటిదాన్ని కూడా ఆనుకుని ఉంది కాబట్టి అది ఎడమకి తిరగాలి. ఎటూ కదలదు. బిగుసుకుపోతుంది.

ఇది తిరగదండీ అని చెప్పాను. "తిరగడం ఎందుకు సార్, ఫోటోలో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి. మనం ఏళ్ళ తరబడి డాబాల మీద కూర్చుని పెంచుకున్నది ఇలా ఊరందరిదీ అయిపోతే సంతోషించాలా, తలుపేసుకోవాలా? ఈ గోడ పని ఒప్పుకోనా, మాననా?


బెంజిసర్కిల్ డెకరేటర్:

అన్నా, నమస్తే. ఆ సంగీత్ స్టేజీ నాదే అయ్యుండొచ్చు. కాకపోయినా నాలాంటోడిదే. కోపం తెచ్చుకోకు.

నీకు నాలుగు నెలలు పట్టింది ఒక దీపానికి. నాకు హాలు వాళ్ళు ఇచ్చే టైము ఎంతో తెలుసా? మధ్యాహ్నం పెళ్ళి భోజనాలు అయ్యి, ఎంగిలాకులు ఎత్తాక నాలుగింటికి లోపలికి రానిస్తారు. ఏడింటికి ఫోటోగ్రాఫర్ లైట్లు వేస్తాడు. ఆ మూడు గంటల్లో ఇత్తడి చక్రాలు నేనెక్కడ బిగించను? సన్‌బోర్డు అని తేలికపాటి ఫోమ్ షీటు, దాని మీద కోయించి స్ప్రే కొట్టి తెస్తా. రాత్రి రెండింటికి విప్పేస్తా. మర్నాడు అవే చక్రాలకి పూలు చుడితే ఇంకో పెళ్ళికి రథం అవుతాయి. మాది అదీ బతుకు.

మొన్నటిదాకా అందరూ నెమలి అడిగారు. దానికి ముందు బాహుబలి సెట్టు. ఇప్పుడిది. ఏడాదాగితే ఇంకోటి. నువ్వు తలుపు వేసుకోకపోయినా వాళ్ళే వెళ్ళిపోతారు, కంగారు పడకు.

ఇంకో మాట. నా దగ్గర పనిచేసే కుర్రాడు, డిప్లొమా ఫెయిలయ్యాడు, ఆ సన్‌బోర్డు చక్రాలు కోస్తూ కోస్తూ "అన్నా, ఇవి నిజంగా ఎలా తిరుగుతాయి?" అని అడిగాడు. నాకు తెలీదు. ఫోన్లో చూసుకున్నాడు. ఇప్పుడు ఆటోనగర్‌లో గేర్ కటింగ్ షెడ్డులో చేరాడు. నా ఉద్యోగం మానేసి మరీ! మంచి హెల్పర్ పోయాడు నాకు. ఆ నష్టం ఎవరికి చెప్పుకోను?

గోడ ఒప్పుకో. నువ్వు కాదంటే ఆయన నాకే ఫోన్ చేస్తాడు. నేను లక్షకే చేస్తా.


అరండల్‌పేట 17 జ్యూయల్స్:

గడియారం గారూ, మీ నాన్నగారి సీసాల మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది గుంటూరు. నాకున్నది స్టీమ్‌పంక్ పిచ్చి కాదు, హెచ్ఎంటీ పిచ్చి. కానీ మీకు ఇప్పుడు జరుగుతున్నది నాకు కొన్నేళ్ళ క్రితమే జరిగిపోయింది, కాబట్టి ఆ అనుభవం చెబుతాను.

హెచ్ఎంటీ వాళ్ళు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టారు. మా ఇంట్లో నాన్నకి జనతా, బాబాయికి పైలట్, పెళ్ళికి పెట్టినది కోహినూర్. రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకోవాలి. నేను 2008 ప్రాంతంలో పోగుచెయ్యడం మొదలుపెట్టినప్పుడు ఎవరికీ పట్టలేదు. ఏటుకూరు రోడ్డులో మిర్చి కమీషన్ కొట్టు గుమాస్తా ఒకాయన తన జనతా నాకు ఊరికే ఇచ్చేశాడు, పైన కాఫీ కూడా ఇప్పించాడు. "సెల్లు వచ్చాక దీనితో ఏం పని బాబూ" అన్నాడు.

2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకి కేంద్రం సరేనంది. అప్పుడు మొదలైంది తమాషా. బీరువాల్లో పడి ఉన్నవాటికి ఒక్కసారిగా విలువొచ్చింది. ఊరికే ఇచ్చిన వాచీకి రెండు వేలు, మూడు వేలు అడగడం మొదలుపెట్టారు. వెనకే దొంగ సరుకు దిగింది. పాత మిషన్‌కి కొత్తగా అచ్చేసిన ఎర్ర డయలు, పచ్చ డయలు, ఊదా డయలు. పైలట్ అని రాసి ఉంటుంది, లోపల తెరిస్తే ఒక వాచీ చక్రం, ఇంకో వాచీ బ్రిడ్జి. హెచ్ఎంటీ వాళ్ళు కలలో కూడా చెయ్యని రంగులు. నేను కూడా ఒకదానికి 1,800 పెట్టి మోసపోయాను, సిగ్గు లేకుండా చెబుతున్నా. డయలు మీద దేవనాగరి అక్షరం వంకర చూసి కూడా కొన్నాను చూశారా, అదీ పిచ్చంటే.

అప్పుడు నాకూ మీకులాగే ఒళ్ళు మండింది. కానీ ఇంకోటి కూడా జరిగింది. మా అరండల్‌పేటలో వాచీల మేస్త్రీ ఒకాయన సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటూ ఉండేవాడు. కీ వాచీ ఆయన బల్ల మీదకి వచ్చి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు కుర్రాళ్ళు తాతల వాచీలు తెచ్చి సర్వీసింగ్ చెయ్యమంటున్నారు. కవర్లు వెనక్కి పోయాయి, ఐగ్లాసు ముందుకొచ్చింది. బ్యాలెన్స్ స్టాఫ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఇరుసు, దొరకాలంటే పదేళ్ళ క్రితం అసాధ్యం, ఇప్పుడు కొరియర్లో వస్తుంది. గిరాకీ ఉంటేనే సామాను, సామాను ఉంటేనే రిపేరు, ఆ గిరాకీలో సగం మంది ఎర్ర డయలు చూసి వచ్చినవాళ్ళే.

అలాగని ఎర్ర డయలుకి దండం పెట్టమనను. నా దగ్గరికి ఎవరైనా అలాంటిది తెస్తే వెనక మూత విప్పి లోపల ఏముందో చూపిస్తాను. సగం మంది మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు. మిగతా సగం మంది స్టూలు లాక్కుని కూర్చుంటారు. నాకు ఆ స్టూలు లాక్కున్నవాళ్ళు చాలు.

అన్నట్టు ఆ ఏడు సీసాల్లో జనతాకి సరిపోయే రాచెట్ వీల్, అదే కీ ఇచ్చేటప్పుడు తిరిగే చక్రం, ఏమైనా ఉందేమో కాస్త చూస్తారా?


బ్రాడీపేట హిస్టరీ మేడం:

మీరందరూ నిజమైనది, డూప్లికేటు అని వాదించుకుంటున్నారు. నా సందేహం వేరు. ఆ గోడ మీద ఇంగ్లీషు దొరల పొడుగు టోపీ ఎందుకండీ? బెజవాడ ఎండలో ఆ టోపీ పెట్టుకుని ఎవరైనా బందరు రోడ్డు మీద నడిచారా?

ఆవిరి యంత్రాల కాలం అంటే లండన్‌లో పొగగొట్టాలు, తోలు కోట్లు. అదే కాలంలో మన దగ్గర ఏం జరిగింది? 1832, 33లో గుంటూరు సీమలో డొక్కల కరువు. జనంలో దాదాపు మూడో వంతు పోయారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి గానీ కృష్ణకి ఆనకట్ట రాలేదు. 1852లో మొదలై 1855లో పూర్తయింది, ఆర్థర్ కాటన్ పూనిక, చార్లెస్ ఓర్ దగ్గరుండి కట్టించాడు. కాలవల్లో నీళ్ళొచ్చాయి, పడవలు తిరిగాయి. 1893కి కృష్ణ మీద రైలు వంతెన. ఆనకట్ట 1952లో తెగితే దాని ఎగువన 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మీరు రోజూ దాటేది అదే.

ఊహ చెయ్యాలంటే ఇక్కణ్ణించి చెయ్యచ్చుగా? ఆవిరితో నడిచే కాలవ పడవ, బ్యారేజీ గేటు ఎత్తే గొలుసు, ఊక మండించే రైసు మిల్లు బాయిలరు, మా తాతగారు పనిచేసిన పొగాకు కంపెనీ గంట. ఫ్రాన్సులో నాంట్ అనే ఊరుంది, జూల్స్ వెర్న్ పుట్టిన ఊరు. 2007 నుంచీ అక్కడ 12 మీటర్ల ఎత్తు యాంత్రిక ఏనుగు జనాన్ని ఎక్కించుకుని నడుస్తోంది. పాత ఓడల కార్ఖానా స్థలంలోనే. వాళ్ళు వాళ్ళ ఊరి రచయితని, వాళ్ళ ఊరి రేవుని తీసుకుని చేసుకున్నారు. ఏనుగు మాత్రం మనది పట్టుకుపోయారు, అది వేరే సంగతి!

గోడ ఒప్పుకోండి. టోపీ మాత్రం వద్దు.


తెనాలి నట్టుబోల్టు:

మేడం గారికి ఒక చిన్న చేర్పు. మా తెనాలి సూర్య శిల్పశాల వాళ్ళు ఇనుప తుక్కుతో గాంధీ గారి విగ్రహం చేశారు, 2021లో మోదీ విగ్రహం చేశారు. నట్లు, బోల్టులు, బైకు చైన్లు, పళ్ళచక్రాలు. ఏ చక్రమూ తిరగదు. అయినా చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తిరిగితేనే గొప్ప అన్న నియమం మీద నాకు అనుమానమే.

ఇంకోటి, గడియారం గారి మూడు చక్రాల గోలకి. బ్రిటన్ 2015 దాకా అచ్చేసిన రెండు పౌండ్ల నాణెం మీద గుండ్రంగా 19 పళ్ళచక్రాలు ఉంటాయి, పారిశ్రామిక విప్లవానికి గుర్తుగా. వలయంలో సరి సంఖ్య ఉంటేనే తిరుగుతాయి, బేసి అయితే బిగుసుకుంటాయి. 19 బేసి. ఆవిరి యంత్రానికి పుట్టిల్లు అనుకునే దేశం తన జేబులోనే తిరగని గేర్లు పెట్టుకు తిరుగుతోంది. కేఫ్ ఆయన్ని మరీ తిట్టకండి.


సత్యనారాయణపురం పాత ఫైర్‌మన్:

మా మనవడు ఇదంతా చదివి వినిపించాడు. నేను చెబుతుంటే వాడే టైపు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

బాబూ, నేను రైల్వేలో 1974లో ఆవిరి ఇంజన్ల మీద చేరాను. డబ్ల్యూపీ ఇంజన్ అని, ముందు బుల్లెట్‌లాగా గుండ్రంగా ఉండేది, ప్యాసింజరు బళ్ళకి. డబ్ల్యూజీ అని గూడ్సుకి. డ్రైవరు ఒకడు, ఫైర్‌మన్లు ఇద్దరు. బాయిలర్లో 210 పౌన్ల ప్రెషరు నిలబెట్టాలి. బొగ్గు ఊరికే పోసెయ్యడం కాదు. పారెడు పారెడుగా, పల్చగా, మూలలకి పడేట్టు విసరాలి. మధ్యలో గుట్టపడితే మంట చచ్చి నల్ల పొగ వస్తుంది, డ్రైవరు బూతులు తిడతాడు. పొగ ఎంత తక్కువ వస్తే అంత మంచి ఫైర్‌మన్. మీ బొమ్మల్లో అంతా పొగే, అది చూసి నవ్వొచ్చింది.

బాయిలర్లో నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం, నీళ్ళ గ్లాసు అంటాం, దాని మీద ఒక కన్ను ఎప్పుడూ ఉండాలి. బొగ్గు మండే ఫైర్‌బాక్సు నెత్తి మీద నీళ్ళు తగ్గితే అక్కడున్న సీసపు ప్లగ్గు కరిగి ఆవిరి మంట మీదకి దూకుతుంది. అంటే నీ పని అయిపోయినట్టే, ఎంక్వైరీ. నాకు ఎప్పుడూ జరగలేదు. ఒకసారి బాపట్ల దాటాక గ్లాసులో నీళ్ళు కనబడక, బాయిలర్లోకి నీళ్ళు తోసే ఇంజెక్టర్ పట్టక, ఒళ్ళంతా చల్లబడింది. ఆ ఎండలో, ఆ మంట ముందు చల్లబడిందంటే నమ్ముతావా?

ఇక నీ పళ్ళచక్రాలు. మనవడు ఫోటోలన్నీ చూపించాడు. నాకొక సందేహం వచ్చింది. మా ఇంజన్ చక్రాలు తిప్పడానికి పళ్ళచక్రం ఒక్కటి కూడా లేదు. ఆవిరి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ రాడ్డుని తోస్తుంది, రాడ్డు చక్రాన్ని తిప్పుతుంది. పక్క చక్రాలకి ఇంకో రాడ్డు. అంతే. వాల్వ్ గేర్ అని ఒకటి ఉండేది, పేరులో గేర్ ఉంది గానీ దానికీ పళ్ళు లేవు, అన్నీ రాడ్లూ లింకులే. మీరంతా ఆవిరి ఆవిరి అని గడియారం అంటిస్తున్నారు. తప్పని కాదు. వాచీల మేస్త్రీ కొడుకువి, నీకు అదే కనబడింది.

గాగుల్స్ మాత్రం నాకు నచ్చాయి. సిగ్నల్ చూడ్డానికి తల బయట పెడితే బొగ్గు నలుసు నిప్పులా వచ్చి కంట్లో పడేది. తుండుగుడ్డే మాకు గాగుల్స్. ఆ పెళ్ళికొడుక్కి ఇచ్చినవి మాకిచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మంచి రోజులు లేవా అంటే ఉన్నాయి. బండి లూప్‌లో, అంటే పక్క లైన్లో, ఆగినప్పుడు పార కడిగి దాని మీద వంకాయలు కాల్చుకునేవాళ్ళం. ఆ పచ్చడి రుచి మా ఇంటావిడకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు.

95 డిసెంబరులో బ్రాడ్‌గేజ్ మీద చివరి ఆవిరి బండి పంజాబు వైపు ఆగిపోయిందని పేపర్లో చదివాను. అప్పటికే మేం కరెంటు ఇంజన్ల మీదకి వచ్చేశాం. ఆ రోజు మాలో ఒక్కడు కూడా ఏడవలేదు. పీడా పోయింది అనుకున్నాం. దగ్గితే నల్లగా పడడం ఆగడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు దాన్ని ముద్దు చేస్తుంటే ఎట్లానో ఉంది. బాధ కాదు, వింతగా ఉంది. నేను తుడుచుకుని వచ్చిన మసిని ఎవరో బొట్టు పెట్టుకుంటున్నట్టు.

నీ గోడ సంగతి. డబ్బు తీసుకో. పిల్ల ఫీజు ముందు. కానీ 32 అడుగుల్లో ఒక్క నాలుగడుగులు రెండు పెద్ద చక్రాలు, రాడ్డు, పిస్టన్ పెట్టు. కదిలేట్టు పెట్టు. ఆదివారం వచ్చి నన్ను తీసుకెళ్ళు, రాడ్డు ఎక్కడ బిగించాలో చూపిస్తా. అందరూ చక్రం మధ్యలో బిగిస్తారు.


గవర్నర్‌పేట గడియారం:

తాతగారూ, మీ జవాబు మూడుసార్లు చదివాను. చదివి లేచి వెళ్ళి నా మొదటి దీపం దింపి చూశాను. పంపు స్టవ్ ట్యాంకు చుట్టూ నాన్న సీసాలోవి పదకొండు చక్రాలు ఉన్నాయి. పదకొండూ అరాల్డైట్‌తో అంటించినవే. ఒక్కటీ తిరగదు. పన్నెండేళ్ళుగా నా బల్ల మీదే ఉంది, రోజూ దుమ్ము తుడుస్తాను, ఒక్కసారీ తట్టలేదు. చక్రం పెడితే తిప్పాలి అని డాబా మీద ఉపన్యాసాలిచ్చింది నేనే. తెనాలి నట్టుబోల్టు గారు నవ్వుకోవచ్చు, పర్లేదు.

డెకరేటర్ తమ్ముడూ, ఆ స్టేజీ నీదో కాదో గానీ, గోరుతో గీకినందుకు ఏమనుకోకు. నీ దగ్గర మానేసిన కుర్రాడి షెడ్డు ఎక్కడో చెప్పు, ఈ పనికి గేర్లు అక్కడే కోయిస్తా.

నిన్న కేఫ్ ఆయనతో మాట్లాడాను. 28 అడుగులు ఆయన ఇష్టం, ఏది అంటించమంటే అది అంటిస్తాను, బంగారు రంగు కొట్టమంటే కొడతాను. నాలుగడుగులు నా ఇష్టం. అక్కడ కృష్ణ కాలవ పడవ, తాతగారి రాడ్డూ పిస్టనూ, కింద చిన్న గేర్ల వరస. 12 పళ్ళది 60 పళ్ళదాన్ని తిప్పుతుంది, అంటే చిన్నది అయిదు చుట్లు తిరిగితే పెద్దది ఒకటి. మూడు ఆనుకున్న చక్రాలు మాత్రం తీసేయించాను, ఆయన మొహమాటానికి ఒప్పుకున్నాడు. టోపీ ఉండాలని పట్టుబట్టాడు. మేడం గారూ, క్షమించాలి, పడవ సరంగు నెత్తిన పెడతాను. "కరెంటు బిల్లు పెరగదు కదా" అనొకటి అడిగాడు. అక్కడే చిక్కుంది.

నాకు నెమ్మదిగా, నిమిషానికి అయిదారు చుట్లు మాత్రమే తిరిగే మోటారు కావాలి. చప్పుడు ఉండకూడదు, పొద్దుణ్ణించి రాత్రి పదకొండు దాకా తిరగాలి. ల్యాబ్‌లో ఉన్నవన్నీ హోరుమని తిరిగేవే. కొత్త గేర్ మోటారు అడిగితే చెప్పిన రేటుకి నా నాలుగడుగుల లాభం అక్కడే పోతుంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

17 జ్యూయల్స్ గారూ, మూడో సీసాలో రెండు రాచెట్ వీల్స్ దొరికాయి. ఒకటి మీకు.


తెనాలి నట్టుబోల్టు:

నవ్వలేదండీ. మా ఇంట్లోనూ అలాంటి దీపం ఒకటుంది.

మోటారుకి పాడైపోయిన మైక్రోవేవ్ ఓవెన్ చూడండి. లోపల గాజు పళ్ళెం తిప్పేది సరిగ్గా అదే. నిమిషానికి అయిదారు చుట్లు, చప్పుడు ఉండదు, నాలుగు వాట్లు కూడా తినదు. తుక్కు కొట్టులో వంద రూపాయల లోపే వస్తుంది. రెండు జాగ్రత్తలు. చాలావాటికి నేరుగా 230 వోల్టులు, వైరు అతుకులు బయటికి కనబడేట్టు వదలకండి. ఓవెన్ మీరు తెరవకండి, లోపల కెపాసిటర్ ప్లగ్గు తీసేసినా కరెంటు దాచుకుంటుంది, కొట్టువాడి చేతే తీయించండి. ఇంకో సంగతి, అది ఆన్ చేసిన ప్రతిసారీ ఒకే వైపు తిరగదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, దాని ఇష్టం. మీ పడవ ఒక్కోరోజు బందరు వైపు, ఒక్కోరోజు బెజవాడ వైపు పోతుంది.


సత్యనారాయణపురం పాత ఫైర్‌మన్:

పోనీ. మా షంటింగ్ ఇంజనూ అంతే. ఆదివారం తొమ్మిదింటికి రా, టిఫిను మా ఇంట్లోనే.